లిస్టులో లేని మేనమామ: న్యూజెర్సీ నుంచి ఒక కేస్ స్టడీ

సెంట్రల్ న్యూజెర్సీలో పిల్లలతో, వాళ్ల కుటుంబాలతో పనిచేసే క్లినికల్ సోషల్ వర్కర్‌ని నేను. ఈ కేసు ఒక తెలుగు ఇంటిది. తల్లి, ఇప్పుడు మేజరైన కూతురు చదివి ఒప్పుకున్నాకే రాసి ఇస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వయసులు, ఉద్యోగాలు, ఊళ్లు మార్చాను. చట్టం గురించి చెప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

లైంగిక నేరస్థుల పేర్లు, ఫొటోలు, అడ్రస్‌లు అందరూ చూసేలా నెట్‌లో పెట్టాలా వద్దా అన్న వాదన మనవాళ్ల మధ్య తరచూ వస్తుంది. అమెరికాలో పెడుతున్నారు, మన దగ్గర ఎందుకు పెట్టరు అని అడుగుతారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోలీసుల చేతిలో ఉండే లిస్టు పనికొస్తుంది. జనం చేతికిచ్చిన లిస్టు మాత్రం పక్కవీధి అపరిచితుణ్ని చూపిస్తుంది, ఇంట్లోవాడి మీద నోరు విప్పడాన్ని ఇంకా కష్టం చేస్తుంది. ఈ కేసులో రెండోది కళ్లారా చూశాను.

కుటుంబం

భార్యాభర్తలిద్దరిదీ ఐటీ ఉద్యోగం. ఒక్కతే కూతురు. ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్, తూర్పు ముఖం, రైల్వే స్టేషన్ ఎంత దూరం అన్నవాటితో పాటు తల్లి ఇంకొకటి కూడా చూసింది: స్టేట్ పోలీసుల సెక్స్ అఫెండర్ వెబ్‌సైట్. ఇక్కడ ఇంటి కొనుగోలు అగ్రిమెంట్‌లోనే మేగన్స్ లా (లైంగిక నేరస్థుల వివరాలు జనానికి తెలిపే చట్టం) గురించి ఒక పేరా ఉంటుంది. అది చదివి ఆమె వెబ్‌సైట్ తెరిచింది. బాగా నచ్చిన ఒక ఇంటికి రెండు వీధుల అవతల ఎవరో ఉన్నాడని తేలడంతో ఆ ఇల్లు వదిలేశారు. "ఆడపిల్ల ఉంది కదండీ, రిస్క్ ఎందుకని" అని నాతో అంది.

తర్వాత కొన్న ఇంటి బేస్‌మెంట్‌లోకి ఆమె తమ్ముడు దిగాడు. ఎమ్మెస్‌కి వచ్చి, ఇక్కడి సిటిజన్ అమ్మాయిని పెళ్లి చేసుకుని, తనూ సిటిజన్ అయ్యాక విడాకులు తీసుకున్నవాడు. ఒంటరిగా ఉంటే ఏమైపోతాడోనని అక్కే పిలిచింది. మేనకోడలిని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్లడం, తేవడం, లెక్కలు చెప్పడం అతని పని. అమ్మానాన్న లేట్ మీటింగ్‌లలో ఉంటే అన్నం కూడా అతనే పెట్టేవాడు.

పాప నా దగ్గరికి వచ్చింది కడుపునొప్పితో. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఏమీ లేదని తేల్చి, మానసికమేమో చూడమని పంపారు. నిద్ర సరిగా లేదు, స్కూలు బస్సు దిగి ఇంట్లోకి రావడానికి సాకులు వెతికేది. అప్పటికి పన్నెండేళ్లు.

విషయం బయటపడింది నా గదిలో కాదు. ఎండాకాలం సెలవుల్లో గుంటూరులో ఓణీల ఫంక్షన్ అనుకున్నారు. లంగా ఓణీ మేనమామ పెట్టాలి. చీర అంచులు, రంగులు వాట్సాప్‌లో చూస్తుంటే పాప ఫోన్ విసిరికొట్టి, "మామయ్య పెట్టిన బట్టలు నేను వేసుకోను" అంది. తల్లి మొదట కోప్పడింది. రాత్రి పక్కన పడుకుని మళ్లీ అడిగింది. ఏడాదిగా జరుగుతున్నది పాప చెప్పింది. ఒంటిమీద చేతులు వేయడం, వేయించుకోవడం. అంతకు మించి వివరం ఇక్కడ అవసరం లేదు.

రిపోర్ట్ చేయడానికి ముందు గడిచిన వారం

తల్లి ముందు వాళ్లమ్మకు ఫోన్ చేసింది. అమ్మమ్మ ఏడ్చింది, కొడుకుని తిట్టింది. ఆ రాత్రికే ఉపాయం కూడా చెప్పింది: టికెట్ కొని వాణ్ని ఇక్కడికి పంపించెయ్. నాలుగో మనిషికి తెలియకూడదు. టికెట్ బుక్ చేశారు. ఆ తర్వాతే తల్లి నా దగ్గరికి ఒక్కతే వచ్చింది.

"రిపోర్ట్ చేయకుండా కౌన్సెలింగ్ మాత్రం చేయలేరా మేడమ్?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. చేయలేను. న్యూజెర్సీలో ఆ బాధ్యత డాక్టర్లకీ టీచర్లకీ మాత్రమే కాదు, పిల్లల మీద హింస జరిగిందని నమ్మడానికి కారణం ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంది, ఆమెతో సహా. ఈ మాట మొదటి సెషన్ ఫారంలోనే ఉంటుంది. మళ్లీ చెప్పాను.

ఆమె భయాల్లో పరువు ఉంది, తల్లి ఆరోగ్యం ఉంది. అన్నిటికంటే ముందు చెప్పింది మాత్రం వెబ్‌సైట్ గురించే. ఆ పేజీ ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. ఫొటో, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, కారు నంబరు, అడ్రస్, నేరం గురించి రెండు ముక్కలు. "అందులో మా ఇంటి అడ్రస్ వస్తుందా? మా ఇంటిపేరు వస్తుందా?" అనడిగింది. పుట్టింటి ఇంటిపేరు ఆమె మార్చుకోలేదు.

నిజం చెప్పాలంటే రిపోర్ట్ చేయకుండా ఆపుతున్నది తమ్ముడి మీద ప్రేమ ఒక్కటే కాదు. అరెస్టు, జైలు వరకు ఆమె మనసు ఎలాగోలా ఒప్పుకుంటోంది. బతికినంత కాలం ఎవరైనా టైప్ చేసి చూడగలిగే పేజీ దగ్గర ఆగిపోతోంది. ఇంటి మనిషి చేసిన నేరాల్లో ఈ ఆగిపోవడం నాకు కొత్త కాదు. తెలుగువాళ్లకే పరిమితం కూడా కాదు.

నేను ఆమెను ఒక్కటే అడిగాను: గుంటూరు ఇంట్లో ఎవరెవరు ఉంటారు? అన్నయ్య, వదిన, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పదేళ్లు. చెప్తూ చెప్తూ ఆమె మధ్యలో ఆగింది. పిల్లల మీద హింసను రిపోర్ట్ చేసే హాట్‌లైన్‌కి ఇద్దరం నా గదిలోంచే ఫోన్ చేశాం. అతను విమానం ఎక్కలేదు.

కేసు నడిచిన తీరు

పాపతో చైల్డ్ అడ్వొకసీ సెంటర్‌లో, శిక్షణ ఉన్న మనిషి ఒక్కసారి మాట్లాడి వీడియో తీశారు. పదిమందికి పదిసార్లు చెప్పే బాధ తప్పింది. అతని లాయర్ మొదట రిజిస్ట్రీ (లైంగిక నేరస్థుల లిస్టు) పరిధిలోకి రాని చిన్న నేరానికి ఒప్పందం కుదుర్చుకోవాలని చూశాడు. ప్రాసిక్యూటర్ ఒప్పుకోలేదు. ఇలాంటి బేరాలు ఎక్కడైనా కుదురుతాయి, కుదిరినప్పుడు నేరం రికార్డులో వేరే పేరుతో మిగులుతుంది. పబ్లిక్ లిస్టు ఎంత భారమైతే ఆ బేరానికి అంత గిరాకీ. చివరికి అతను రెండో డిగ్రీ సెక్సువల్ అసాల్ట్ (లైంగిక దాడి) ఒప్పుకున్నాడు. పాప కోర్టుకు వెళ్లలేదు. నాలుగేళ్ల జైలు, విడుదలయ్యాక జీవితకాలం పెరోల్ పర్యవేక్షణ, రిజిస్ట్రేషన్.

లిస్టు అనేది ఇంకా రాకముందే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అరెస్టు రోజున అతని పేరు, వయసు, ఊరు పత్రికా ప్రకటనలో వచ్చాయి. బాధితురాలి గురించి ఒక్క ముక్క లేదు, ఉండకూడదు కూడా. లోకల్ న్యూస్ సైట్ లింకు సాయంత్రానికల్లా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పడింది. కింద ఒకరు రాశారు: "ఇతను ఫలానా వాళ్ల తమ్ముడు కదా, వాళ్లింట్లోనే ఉంటాడు. పాప బాగానే ఉందా?" దణ్ణం పెట్టే బొమ్మ కూడా పెట్టారు. రాసినామె ఉద్దేశం మంచిదే. ఆ ఒక్క వాక్యంతో పాప ఎవరో గ్రూపులో ఉన్న అందరికీ తెలిసిపోయింది. వారం తిరక్కుండా పాప కూచిపూడి మానేసింది. క్లాసులో తల్లులు తనను చూడగానే మాటలు ఆపేస్తున్నారని చెప్పింది.

ఇంట్లో మూడు వాదనలు

తండ్రి వాదన సూటిగా ఉండేది: ఊరందరికీ తెలియాలి. వాడి మొహం ప్రతి కిరాణా షాపు గోడ మీద ఉండాలి. తల్లిది ఎవరికీ తెలియకూడదన్న ఆరాటం. పాప ఇద్దరి మాటలూ వింటూ ఉండేది. తనతో ట్రామా ఫోకస్డ్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ చేశాను. జరిగినదాన్ని కొంచెం కొంచెంగా తన మాటల్లో రాయించడం అందులో ముఖ్యమైన భాగం. రాసిన కాగితాల్లో మామయ్యకు ఏం శిక్ష పడాలన్నది ఎక్కడా లేదు. "నా ఫ్రెండ్స్ గూగుల్ చేస్తే నేను వస్తానా?" అన్నది మాత్రం రెండు చోట్ల ఉంది.

తండ్రి కోపాన్ని నేను తగ్గించాలని చూడలేదు. ఆ కోపం పాపకు కావాలి. నాన్న నన్ను నమ్మాడనడానికి అదే సాక్ష్యం. దాన్ని పాప చుట్టూ కాపలాగా నిలబెట్టడమే మా పని అయింది: ఇంటి తాళాలు మార్చడం, అమ్మమ్మ ఫోన్లు స్పీకర్‌లోనే మాట్లాడటం, ఏ బంధువు ఇంట్లోనూ రాత్రి ఉండకపోవడం.

విడుదల, టైర్ నిర్ణయం

ఈ చట్టం పుట్టిందే మా పక్క కౌంటీలో. 1994 జులై 29న హామిల్టన్ టౌన్‌షిప్‌లో ఏడేళ్ల మేగన్ కాంకాను ఎదురింట్లో ఉండే వ్యక్తి చంపాడు. అంతకుముందే పిల్లల మీద నేరాలకు శిక్షపడినవాడు. ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియదు. మూడు నెలల్లో న్యూజెర్సీ చట్టం చేసింది, 1996లో దేశమంతటికీ ఫెడరల్ చట్టం వచ్చింది. "మాకు తెలిసుంటే" అన్న ఆ తల్లిదండ్రుల మాటకు ఎదురు చెప్పడం ఎవరివల్లా కాదు. నేనూ చెప్పను.

అయితే న్యూజెర్సీ అందరినీ ఒక గాటన కట్టదు. 2006 నాటి ఆడం వాల్ష్ ఫెడరల్ చట్టం నేరం పేరు చూసి 15 ఏళ్లు, 25 ఏళ్లు, జీవితకాలం అని టైర్లు (అంచెలు) కడుతుంది. ఇక్కడ మాత్రం మనిషి మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంత అన్నదానికి స్కోరు వేస్తారు. టైర్ 1 అయితే పోలీసులకే తెలుస్తుంది. టైర్ 2 అయితే స్కూళ్లకూ, డే కేర్లకూ, పిల్లలతో పనిచేసే నమోదిత సంస్థలకూ చెబుతారు. టైర్ 3 అయితే చుట్టుపక్కల ఇంటింటికీ చెబుతారు. ఒప్పుకోకపోతే జడ్జి ముందు వాదించుకోవచ్చు. 1995లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల వచ్చిన హక్కు అది.

ఇతనికి టైర్ 2 వచ్చింది. వెబ్‌సైట్‌లో కనిపిస్తాడని తండ్రి కాచుకుని కూర్చున్నాడు. కనిపించలేదు. టైర్ 2 వాళ్లలో కొందరిని నెట్‌లో పెట్టకూడదని చట్టంలోనే ఉంది: చేసిన నేరం అదొక్కటే అయి, బాధితురాలు మూడో అంతరం లోపు రక్తసంబంధీకురాలైతే పెట్టరు. మేనమామ, మేనకోడలు సరిగ్గా మూడో అంతరం. చేసింది మైనరుగా ఉన్నప్పుడైనా, వయసు చాలకపోయినా అవతలి మనిషి ఇష్టపడిన సంబంధమైనా అంతే.

"సొంత మనిషిని పాడుచేసినవాడికి కన్సెషనా?" అని తండ్రి నా టేబుల్ మీద చెయ్యి చరిచాడు. ఆ మినహాయింపు అతని కోసం కాదండీ, మీ అమ్మాయి కోసం అన్నాను. ఫొటో కింద "పన్నెండేళ్ల బంధువు" అని ఉంటే ఆ బంధువు ఎవరో కనుక్కోవడానికి వాట్సాప్ గ్రూపుకి ఎంతసేపు పట్టిందో మీరే చూశారు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఆ మాట కూతురు కూడా చెప్పాక దాని గురించి వాదించడం మానేశాడు.

లిస్టు పనికొచ్చిన చోటు

అతను వేరే ఊళ్లో గది తీసుకున్నాడు. కొన్నాళ్లకు అక్కడి గుడిలో పార్కింగ్ వాలంటీరుగా చేరాడు. అదే ఆవరణలో శనివారాలు పిల్లలకు శ్లోకాల క్లాసు, ఆదివారాలు తెలుగు బడి. అతని అడ్రస్, కారు, తిరుగుళ్లు పెరోల్ ఆఫీసర్‌కి తెలుసు కాబట్టి అది అక్కడితో ఆగింది. ఇది రిజిస్ట్రీ చేసిన మేలే. కాదనను.

కానీ ఆ ఊరి పబ్లిక్ స్కూలుకి నోటీసు వెళ్లింది, గుడికి వెళ్లలేదు. మాకు నోటీసులు కావాలని ఆ గుడివాళ్లు ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఎప్పుడూ నమోదు చేసుకోలేదు. అలా చేసుకోవచ్చని మన సంఘాల్లో ఎవరికీ తెలిసినట్టు లేదు. నోటీసు అందుకున్నవాళ్లు దాన్ని బయటివాళ్లకు పంచకూడదు, పిల్లల్ని చూసుకునేవాళ్లకు మాత్రం చెప్పుకోవచ్చు. నాకు నచ్చిన పద్ధతి ఇది. తెలియాల్సినవాళ్లకు తెలుస్తుంది, ఫార్వర్డ్ కాదు. ఆ తర్వాత రెండు తెలుగు బడుల నిర్వాహకులతో మాట్లాడాను. ఒకరు వెంటనే దరఖాస్తు చేశారు. రెండోవారు, "మన పేరెంట్స్‌లో అలాంటివాళ్లు ఉండరండీ, అనవసరంగా టెన్షన్ పెట్టినట్టు అవుతుంది" అన్నారు.

అంకెలు ఏం చెబుతున్నాయి

అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం పోలీసుల దాకా వచ్చిన కేసుల్లో, పిల్లల మీద లైంగిక దాడి చేసినవాళ్లలో అపరిచితులు 7 శాతం. మూడో వంతు కుటుంబ సభ్యులే. మిగతావాళ్లు తెలిసినవాళ్లు. వెబ్‌సైట్ చూసి ఇల్లు కొన్న మన తల్లి కాపాడుకున్నది ఆ 7 శాతం నుంచి. అందులోనూ ఇదివరకే దొరికి శిక్షపడినవాళ్ల నుంచి మాత్రమే.

న్యూజెర్సీలోనే మేగన్స్ లా ముందు పదేళ్లనూ తర్వాత పదేళ్లనూ పోల్చి చూసిన అధ్యయనం 2008లో వచ్చింది. చట్టం వల్ల మళ్లీ నేరాలు తగ్గినట్టు కనిపించలేదని, ఖర్చు మాత్రం ఏటేటా పెరుగుతోందని తేల్చింది. 2011లో ప్రెస్కాట్, రాకాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు పోలీసు రిజిస్ట్రేషన్‌నీ, జనానికి తెలియజేయడాన్నీ విడదీసి చూశారు. మొదటిదానివల్ల దగ్గరివాళ్ల మీద నేరాలు తగ్గాయి. రెండోదానివల్ల, అప్పటికే లిస్టులో ఉన్నవాళ్లు మళ్లీ నేరం చేయడం పెరిగే అవకాశం కనిపించింది. ఇల్లు, ఉద్యోగం, మనుషులు అన్నీ పోయినవాడికి పోగొట్టుకోవడానికి ఏం మిగులుతుంది? 2005 తర్వాత కొన్నేళ్లు మయామీలో లిస్టులో ఉన్నవాళ్లు పదుల మంది ఒక వంతెన కింద కాపురం పెట్టారు. స్కూళ్లకు 2,500 అడుగుల దూరంలో ఉండాలన్న నియమంతో వాళ్లకు వేరే చోటు దొరకలేదు.

లిస్టును వ్యతిరేకించేవాళ్లు ఇంకో అంకె చెబుతారు. 1994లో జైలు నుంచి బయటికొచ్చిన 9,691 మంది లైంగిక నేరస్థుల్లో మూడేళ్లలోపు మళ్లీ అలాంటి నేరానికి అరెస్టయినవాళ్లు 5.3 శాతమే. నేను ఈ అంకెను జాగ్రత్తగా వాడతాను. అది అరెస్టుల లెక్క. టికెట్ కొని పంపించేసిన మేనమామలు అందులో ఉండరు.

న్యాయం సంగతికొస్తే, 2003లో అమెరికా సుప్రీంకోర్టు రిజిస్ట్రీ శిక్ష కాదు, నియంత్రణ మాత్రమే అంది. 2016లో ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు మిషిగన్ రిజిస్ట్రీని చూసి ఇది శిక్షే అని తేల్చింది. రెండోదే నాకు నిజంగా కనిపిస్తుంది. ఇతని పాస్‌పోర్ట్ లోపల అతని నేరం గురించి ఒక వాక్యం అచ్చవుతుంది. విదేశం వెళ్లాలంటే 21 రోజుల ముందు చెప్పాలి. మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఏ ప్రమాదమూ లేదని ప్రభుత్వాన్ని నమ్మించనిదే భార్యను తెచ్చుకోలేడు. ఇవన్నీ అతనికి తగినవేనా అంటే చాలావరకు తగినవే అంటాను. పదహారేళ్ల అమ్మాయిని ప్రేమించిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్నీ లిస్టులో పెట్టే రాష్ట్రాలున్నాయి. అక్కడ మాత్రం ఆ మాట అనలేను. 1989లో కొడుకు జేకబ్‌ను ఎత్తుకుపోతే పోరాడి, 1994 ఫెడరల్ రిజిస్ట్రీ చట్టానికి కారణమైన పాటీ వెటర్లింగ్ కూడా తర్వాత్తర్వాత ఈ లిస్టులు హద్దు దాటాయని బహిరంగంగా చెప్పింది.

మన దగ్గర పెట్టాలా

భారతదేశంలో లిస్టు లేదనుకుంటారు గానీ, ఉంది. 2018 సెప్టెంబర్ 20న హోం శాఖ ప్రారంభించిన నేషనల్ డేటాబేస్ ఆన్ సెక్సువల్ అఫెండర్స్‌ను జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) నడుపుతోంది. మొదలైనప్పుడే 4.4 లక్షల ఎంట్రీలు. అది పోలీసులకే కనిపిస్తుంది. ఘోరం జరిగిన ప్రతిసారీ దాన్ని అందరికీ తెరవాలన్న డిమాండ్ వస్తుంది. 2020లో ఉత్తరప్రదేశ్‌లో వేధించినవాళ్ల ఫొటోలు కూడళ్లలో పెడతామని కూడా ప్రకటించారు.

తెరవాలనేవాళ్లు రెండు సంగతులు చూడాలి. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో 18 లోపు ఎవరైనా బిడ్డే, ఇష్టపడ్డానన్నా చెల్లదు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల 7,064 తీర్పులు చదివిన ఎన్‌ఫోల్డ్ సంస్థ అధ్యయనంలో దాదాపు నాలుగో వంతు ప్రేమ వ్యవహారాలే. లేచిపోయిన జంట మీద అమ్మాయి ఇంటివాళ్లు పెట్టిన కేసూ, ట్యూషన్ మాస్టారి కేసూ ఒకే పేజీలో పక్కపక్కన ఫొటోలవుతాయి. రెండోది, బాధిత బిడ్డ ఎవరో తెలిసేలా ఏదీ ప్రచురించకూడదని పోక్సోనే చెబుతోంది. తండ్రో, బాబాయో, మేనమామో దోషి అయిన కేసులో అతని పేరు, ఊరు పెడితే బిడ్డ పేరు పెట్టినట్టే. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుకే ఒక్క సాయంత్రం పట్టింది. మండలంలో అంతసేపు కూడా పట్టదు.

ఇప్పటి స్థితి

అమ్మాయి వేరే రాష్ట్రంలో కాలేజీలో చదువుతోంది. కడుపునొప్పి ఆ మొదటి ఏడాదే తగ్గింది. నిద్ర పట్టడానికి ఎక్కువ కాలం పట్టింది. కూచిపూడి మళ్లీ మొదలుపెట్టింది, వేరే టీచర్ దగ్గర. ఓణీల ఫంక్షన్ జరగలేదు, ఎవరూ మళ్లీ ఎత్తలేదు. గుంటూరులోని ఇద్దరు పిల్లలతో వాళ్లమ్మ మాట్లాడింది. వాళ్లకేమీ జరగలేదని తెలిసింది. అమ్మమ్మ రెండేళ్లు కూతురితో మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతోంది.

అతను ట్రీట్‌మెంట్ గ్రూపుకు వెళ్తున్నాడు, గిడ్డంగిలో పని చేస్తున్నాడు. విడుదలైన 15 ఏళ్ల వరకు ఏ నేరమూ లేకుండా ఉంటే రిజిస్ట్రీ నుంచి తీసేయమని కోర్టును అడగవచ్చు. అప్పటికి ఆ అమ్మాయికి ముప్పై దాటుతాయి. ఆ దరఖాస్తు పడినప్పుడు తనకు చెబుతారా అని తల్లి అడిగితే కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసులో బాధితుల విభాగానికి పంపాను. కూతురు వెంట వెళ్లింది. ఫైల్లో ఉన్న తల్లి ఫోన్ నంబర్ తీయించి తన నంబర్ రాయించింది.